రొమ్ము బయాప్సీలు: ప్యాథాలజిస్టుల్లో అపోహలు, వాస్తవాలు

రొమ్ము క్యాన్సర్ గురించి రోగులకున్న అపోహల మీద చాలామంది రాశారు. ఆ క్యాన్సర్‌ను మైక్రోస్కోపు కింద తేల్చి చెప్పేవాళ్లం మేము. మాలో పాతుకుపోయిన అపోహల గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా స్లైడ్లు చూస్తున్నాను. ఇక్కడ రాసేవన్నీ ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: ఎండీ పాసైతే రొమ్ము వ్యాధుల చదువు అయిపోయినట్లే. ఆపైన అంతా చేతి అనుభవమే.

నేను చదువుకునే రోజుల్లో కనీసం 10 శాతం కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ (హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) కనిపిస్తేనే పాజిటివ్ అని రాసేవాళ్లం. 2010లో ఆ గీత 1 శాతానికి దిగింది. 2020లో, 1 నుంచి 10 శాతం మధ్య వచ్చినవాటిని ‘లో పాజిటివ్’ అని విడిగా చెప్పమన్నారు. హెర్2 (కణం అంచున ఉండి దాని పెరుగుదలను పురికొల్పే ప్రోటీన్) మార్గదర్శకాలు 2007లో వచ్చాయి, 2013లో మారాయి, 2018లో మళ్లీ మారాయి. 2022 దాకా హెర్2 రంగు సున్నా అని రాసినా, 1 ప్లస్ (లేత రంగు) అని రాసినా చికిత్సలో తేడా ఉండేది కాదు. ఆ ఏడాది ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు, హెర్2 తక్కువగా ఉండి ఇతర అవయవాలకు పాకిన క్యాన్సర్లలోనూ ఆయుష్షు పెంచుతుందని తేలింది. కణం అంచున కనీకనిపించని లేత గోధుమరంగు గీత ఉందా లేదా అన్నది ఇప్పుడు ఒక మనిషికి ఆ మందు అందడమా, అందకపోవడమా అన్న ప్రశ్న. పాత అలవాటు కొద్దీ ‘నెగటివ్’ అని ఒక్క మాట రాసి పంపేస్తే ఆ తలుపు మనమే మూసినట్లు.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లు చూస్తే అందరూ ఒకే మాట చెబుతారు.

2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 115 మంది ప్యాథాలజిస్టులకు 240 బయాప్సీలను పంచి ఇచ్చి, వాళ్ల జవాబులను నిపుణుల బృందం నిర్ణయంతో పోల్చారు. చుట్టూ చొచ్చుకుపోయిన క్యాన్సర్ విషయంలో 96 శాతం సార్లు మాట కలిసింది. ఎటిపియా (కణాల తీరు మారినా ఇంకా క్యాన్సర్ కాని దశ) దగ్గరికి వచ్చేసరికి 48 శాతమే.

ఆ అంకె చదివాకే మేము ఆదివారం కూటమి మొదలుపెట్టాం. గుంటూరు, విజయవాడ, తెనాలి నుంచి ఏడుగురం నెలకోసారి కలుస్తాం. పేరు, పాత రిపోర్టు కనిపించకుండా స్లైడు లేబుల్ మీద కాగితం అంటిస్తాం. ఎవరి నిర్ణయం వాళ్లు చీటీ మీద రాసి మడిచి పెట్టాకే మాట్లాడుకుంటాం. ఒకసారి ఒకే ఒక్క నాళం ఉన్న బయాప్సీ పెట్టాం. కణాలన్నీ అచ్చులో పోసినట్లు ఒకే తీరుగా ఉన్నాయి, మధ్యలో గుండ్రటి రంధ్రాలు. చీటీలు విప్పితే నలుగురు డీసీఐఎస్ (నాళం దాటని క్యాన్సర్) అన్నారు, ఇద్దరు ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా (నాళంలో ఎటిపియా) అన్నారు, ఒకరు మామూలు హైపర్‌ప్లేసియా (కణాలు ఎక్కువ కావడమే) అన్నారు. చివరికి కొలిచి చూశాం. 2 మిల్లీమీటర్లకు లోపే ఉంది, అంత చిన్నదాన్ని డీసీఐఎస్ అనం, ఎటిపికల్ అంటాం. డీసీఐఎస్ అన్న నలుగురిలో నేనూ ఉన్నాను. రెండింటిలో ఏది రాసినా సర్జన్ ఆ చోట ఇంకొంత తీసి చూస్తారు, నిజమే. కానీ డీసీఐఎస్ అన్న ఒక్క పేరుతో ఆ మహిళ ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ రోగి అయిపోతుంది.

మామూలు హైపర్‌ప్లేసియాలో కణాలు తిరునాళ్ల జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతాయి. పరిమాణమూ వేరు, ఆకారమూ వేరు. ఖాళీలు సన్నటి చీలికల్లా అంచులకు జరిగి ఉంటాయి. పుస్తకంలో ఈ వాక్యం ఎన్నిసార్లు చదివినా రాని చూపు, పక్కన కూర్చున్నవాళ్లు వేలు పెట్టి చూపిస్తే వస్తుంది.

అపోహ: అనుమానం ఉంటే ఐహెచ్‌సీ (కణాల్లోని ప్రోటీన్లకు రంగు పట్టించే పరీక్ష) చేయిస్తే తేలిపోతుంది.

కొన్నిసార్లు తేలుతుంది. క్యాన్సర్ కాకపోయినా అలా కనిపించే స్క్లీరోసింగ్ అడినోసిస్‌లో మయోఎపిథీలియల్ పొరను (చొచ్చుకుపోయిన క్యాన్సర్‌లో ఉండని, నాళాల బయటి పొర) చూపే పీ63 రంగు నాళాల చుట్టూ చుక్కల దండలా కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. అయితే మైక్రోగ్లాండ్యులర్ అడినోసిస్‌లో ఆ మయోఎపిథీలియల్ పొరే ఉండదు, అయినా అది క్యాన్సర్ కాదు. మామూలు స్లైడులో ఏముందో అర్థం కాకుండా రంగులు వేయించుకుంటూ పోతే రోగి డబ్బు ఖర్చవుతుంది, మన అయోమయం పెరుగుతుంది.

అపోహ: ముక్క మా బల్ల మీదికి వచ్చాకే మా బాధ్యత మొదలవుతుంది.

దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే.

ఒక మే నెల మధ్యాహ్నం సత్తెనపల్లి వైపు నుంచి బస్సులో వచ్చిన ఒకాయన చేతిసంచిలోంచి పచ్చడి సీసా తీసి మా కౌంటరు మీద పెట్టాడు. అందులో ముందు రోజు సాయంత్రం ఆయన భార్యకు తీసేసిన రొమ్ము ఉంది. “కొత్త సీసానే అమ్మా, నేనే కొని తెచ్చాను” అన్నాడు. ఆ సీసాకు మూతి చిన్నది, ముక్కేమో పెద్దది. లోపలికి కుక్కారు. ఫార్మాలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) అడుగున రెండు వేళ్ల మందం ఉంది. కోసి చూస్తే గడ్డ మధ్యభాగం మెత్తబడి పాలిపోయింది.

ఈస్ట్రోజన్ రిసెప్టర్ పరీక్ష చేస్తే గడ్డలో రంగు లేదు. పక్కనున్న మామూలు నాళాల్లోనూ లేదు. అవి కూడా రంగు పట్టలేదంటే పరీక్షే జరగనట్లు. నెగటివ్ అని రాయకుండా, ఆపరేషన్‌కు ముందు వేరే చోట చేసిన కోర్ బయాప్సీ (సూదితో తీసిన ముక్క) మైనం బ్లాక్ తెప్పించి మళ్లీ చేశాం. దాదాపు కణాలన్నీ ముదురు గోధుమరంగులోకి వచ్చాయి. ఆమెకు కనీసం ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడాల్సిన జబ్బు అది. మొదటి ఫలితం అలాగే వెళ్లి ఉంటే ఆ మాత్రలు ఎవరూ రాసేవారు కాదు.

ఫార్మాలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది. ముక్కను గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్‌లో వేయాలి. గడ్డ మీదుగా కోసి, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మందంతో పొరలుగా విప్పాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. ఈ విషయం నర్సింగ్ హోముల ఆపరేషన్ థియేటర్ సిస్టర్లకు నేర్పడం కూడా ప్యాథాలజిస్టు విద్యలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను. అప్పటి నుంచి వెడల్పు మూతి డబ్బాలు మేమే పంపుతున్నాం, మీద తీసిన సమయం, ఫార్మాలిన్‌లో వేసిన సమయం రాసే చోటుతో సహా.

అపోహ: స్లైడులో కనిపించనిది లేనట్లే.

మామోగ్రాములో సున్నపు చుక్కలు ఉన్నాయని బయాప్సీ తీశారు, నాకు ఒక్కటీ కనిపించలేదు. ‘లేవు’ అని రాయబోతుంటే రేడియాలజిస్టు ఫోన్ చేసి, తీసిన ముక్కల ఎక్స్‌రేలో చుక్కలు ఉన్నాయని చెప్పారు. పోలరైజర్ (కాంతిని ఒకే దిశలో వడకట్టే ఫిల్టరు) పెట్టగానే నల్లటి తెర మీద కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మెరిశాయి. మామూలు వెలుతురులో అవి కంటికి ఆనవు. అప్పటికీ కనిపించకపోతే బ్లాక్‌ను ఇంకా లోతుగా కోయించాలి. ఈ పాఠం నాకు ఏ ప్యాథాలజీ సదస్సులోనూ రాలేదు.

అపోహ: సీఎంఈ (డాక్టర్ల నిరంతర విద్య) గంటలు నిండితే చాలు.

ఐదేళ్లలో 30 గంటలు అని నిబంధనల్లో ఉంది. అది కనీసం మాత్రమే. హాలులో వెనక వరుసలో కూర్చున్న గంటా, పది స్లైడ్లు మనమే చూసి తప్పు రాసి దిద్దుకున్న గంటా సర్టిఫికెట్ మీద ఒకటే, కంటికి ఒకటి కాదు.

అపోహ: రెండో అభిప్రాయం అడిగితే సర్జన్ దగ్గర పరువు పోతుంది.

ఎవరి పరువూ పోలేదు. గత నెల ఒక పాపిల్లరీ (వేళ్లలాంటి మొలకలున్న) గడ్డ విషయంలో నేను రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. సర్జన్‌కు ఆ మాటే చెప్పి, బ్లాక్, స్లైడ్లు, మామోగ్రాము రిపోర్టు కలిపి పెద్ద కేంద్రానికి పంపాను. నేను అనుకున్నది కాదని జవాబు వచ్చింది, ఎందుకు కాదో కూడా రాశారు. దాన్ని రిజిస్టరులో అంటించుకున్నాను. ఆ స్లైడు వచ్చే ఆదివారం పెట్టెలో ఉంది, లేబుల్ మీద కాగితంతో.