హాలాంగ్ బేలో ఒక రాత్రి: అపోహలు - వాస్తవాలు

తెలుగు గ్రూపుల్ని వియత్నాం తీసుకెళ్లడం నా పని. టూర్ మేనేజర్ అంటారు గానీ, నీళ్లలోంచి సున్నపురాయి కొండలు లేచి కనిపించే సముద్రఖాతం హాలాంగ్ బే దగ్గరికొచ్చేసరికి సగం పని వాళ్ల ఫోన్లో ఉన్న ఫోటోకీ, కళ్లముందున్న నీళ్లకీ రాజీ కుదర్చడమే. ఒకే డైనింగ్ టేబుల్ మీద ఒకరు ‘స్వర్గం’ అంటారు, పక్కనున్నాయన ‘చెత్తకుప్ప’ అంటాడు. ఒక రాత్రి బసకి పడవెక్కే ముందు బస్సులో నేను చెప్పే మాటల్నే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్లు ఫోటోల్లోలాగే పచ్చగా, అద్దంలా ఉంటాయి.

పచ్చగా ఉండే మాట నిజం. ఎండ బాగా ఉన్నరోజు చూస్తే ఫోటోలో ఎవరూ రంగు కలపలేదని తెలుస్తుంది. కాకపోతే ఉదయం అయిదున్నరకి డెక్ మీదికి వెళ్లి, ఒకసారి కొండల వైపు కాకుండా కిందికి చూడండి. రెండు కొండల మధ్య నీటి మీద తెల్లటి గీత కనిపిస్తుంది. ఒకసారి మా గ్రూపులో ఏడేళ్ల పిల్ల అది చూసి “అంకుల్, చేప గుడ్లా?” అంది. దూరం నుంచి చూస్తే మరమరాలు ఒలికినట్టు ఉంటుంది. అది థర్మాకోల్. పూసలు పూసలుగా విడిపోయి, మధ్యలో ఒక చెప్పు, రెండు సీసాలు, ఒక వెదురు ముక్క.

చేపలు, గుల్లలు పెంచే తెప్పలు నీటిలో తేలడానికి కింద థర్మాకోల్ దిమ్మలు కట్టేవారు. వాటి బదులు గట్టి ప్లాస్టిక్ బుడ్లు వాడాలని ప్రభుత్వం చెప్పడంతో, 2023లో మార్చే పని ఊపందుకుంది. తీసేసిన పాత దిమ్మలు ఎన్నో నీళ్లలోనే మిగిలాయి. ఆ ఏడాది మార్చి నుంచి కొద్ది నెలల్లోనే పదివేల ఘనపు మీటర్ల చెత్త ఎత్తారు. 2024 సెప్టెంబరులో యాగి తుపాను వచ్చి తెప్పల్ని నుజ్జు చేసింది, మళ్లీ మొదటికొచ్చింది. చిన్న పడవల్లో వలగరిటెలు పట్టుకుని ఆడవాళ్లు రోజూ ఎత్తుతూనే ఉంటారు. దిమ్మనైతే ఎత్తగలరు గానీ పూసను ఎలా ఎత్తుతారు?

ఇంకో సంగతి. మన తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ఇక్కడ ఒక్కసారే. పెద్ద పోటు రోజుల్లో నీరు మూడు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. చెత్త దాంతోపాటే కదులుతుంది. అందుకే మీరు పొద్దున చూసిన మూల శుభ్రంగా ఉండొచ్చు, మీ స్నేహితుడు అదే మూలను సాయంత్రం చూసి తిట్టుకోవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

అపోహ: యునెస్కో గుర్తింపు ఉంది కాబట్టి నీళ్లు శుభ్రమే.

1994లో గుర్తింపు వచ్చింది అందానికి. 2000లో మళ్లీ వచ్చింది ఆ సున్నపురాయి కొండలు ఏర్పడిన తీరుకి. 2023లో పక్కనున్న కాట్ బా దీవుల్ని కూడా కలిపారు. నీటి పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదది.

అపోహ: ఈ చెత్తంతా టూరిస్టులు వేసిందే.

కొంత మనదే. అయితే 2019 సెప్టెంబరు నుంచి బేలో తిరిగే పడవల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దన్నారు. మంచి పడవల్లో గాజు సీసాలే ఇస్తున్నారు. అసలు సంగతేమిటంటే, హాలాంగ్ ఉన్న క్వాంగ్ నిన్ రాష్ట్రం వియత్నాంకి బొగ్గు గని. హోన్ గాయ్, కామ్ ఫా వైపు దశాబ్దాలుగా బొగ్గు తవ్వుతున్నారు, ఓడలకెక్కిస్తున్నారు. ఇటు తీరాన్ని పూడ్చి హోటళ్లు, విల్లాలు కట్టారు, ఊరి మురుగు చేరేదీ ఈ నీళ్లలోకే. నన్నడిగితే, ఫోటోలో పడే థర్మాకోల్ కంటే ఫోటోలో పడని ఈ మురుగే పెద్ద తలనొప్పి. అందుకే టి టాప్ లాంటి ఈతకు అనుమతించిన బీచ్ దగ్గర తప్ప నీళ్లలో దిగొద్దంటాను. దిగినా ఆ నీళ్లు గుటక వేయకండి, పైకి రాగానే మంచినీళ్లతో స్నానం చేయండి.

అపోహ: రాత్రంతా పడవ వెళ్తూనే ఉంటుంది, చుట్టూ మనం తప్ప ఎవరూ ఉండరు.

చీకటి పడేలోపే కేటాయించిన చోట లంగరు వేసేస్తారు. చుట్టుపక్కల మరో పదో ఇరవయ్యో పడవలు, దాదాపు అన్నీ తెల్లవే (2012లో అన్నింటికీ తెల్లరంగు వేయించారు), అన్నింటికీ లైట్లు, ఒకటి రెండింట్లో కరోకే. పైగా ఏసీల కోసం జెనరేటర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. కొత్తలో నేను పడవ స్టార్ల లెక్కే చూసేవాణ్ణి. ఒకసారి ఓ పెద్దాయనకి, ఆయన భార్యకి కింది అంతస్తులో వెనక క్యాబిన్ ఇచ్చాను, మెట్లు ఎక్కక్కర్లేదు కదా అని. పొద్దున్నే ఆయన కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, “రైస్ మిల్లులో పడుకోబెట్టావు బాబూ” అన్నారు. కోప్పడలేదు, అదే ఇంకా సిగ్గేసింది. అప్పటినుంచి బుకింగ్ చేసేటప్పుడే అడుగుతాను: జెనరేటర్ ఎక్కడుంది, క్యాబిన్ ముందువైపా వెనకవైపా. మీరూ అడగండి.

అపోహ: రెండు పగళ్లు, ఒక రాత్రి.

మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఎక్కుతారు, మర్నాడు పదకొండు లోపు దిగిపోతారు. తొమ్మిదికే గది తాళాలు అడుగుతారు. లెక్క మీరే వేసుకోండి.

అపోహ: అలలే లేవు, ఇక భయమేముంది?

అలలు లేని మాట నిజం, కొండలే అడ్డం. వాంతుల మాత్రలు దాదాపు అందరూ వెనక్కి తెచ్చుకుంటారు. కానీ 2011 ఫిబ్రవరిలో టి టాప్ దగ్గర లంగరు వేసి ఉన్న పడవ తెల్లవారుజామున మునిగిపోయి, నిద్రలో ఉన్నవాళ్లతో సహా 12 మంది చనిపోయారు. 2025 జులైలో పగలు తిరిగే పడవ ఒకటి హఠాత్తుగా వచ్చిన గాలివానకి బోల్తా పడింది. అందులో 49 మంది ఉంటే 35 మందికి పైగా పోయారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. క్యాబిన్లోకి వెళ్లగానే లైఫ్ జాకెట్ బయటికి తీసి ఒకసారి వేసుకుని చూడండి, క్లిప్ ఎలా పడుతుందో చూడండి, డెక్ మీదికి వెళ్లే దారులు ఎన్నో చూడండి. అయిదు నిమిషాల పని. నా గ్రూపులో అందరూ నవ్వుతూనే చేస్తారు, అయినా చేయిస్తాను.

జూన్ నుంచి అక్టోబరు దాకా తుపాను హెచ్చరిక రాగానే రేవు అధికారులు పడవల్ని ఆపేస్తారు. అప్పుడు “డబ్బు కట్టాం కదా” అని రేవులో గొడవపడే పెద్దమనుషులు ప్రతి సీజన్లోనూ ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. హనోయ్‌లో ఒకరోజు ఎక్కువ పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తుపాను ఉండదు గానీ పొగమంచు, చినుకు, చలి. స్వెటర్ లేకుండా వచ్చి దుప్పటి కప్పుకుని ఫోటోలు దిగినవాళ్లని చాలామందిని చూశాను.

అపోహ: లాన్ హా బే అయితే శుభ్రం.

శుభ్రమని కాదు, సందడి తక్కువని వెళ్లాలి. అది హాలాంగ్‌కి ఆనుకునే, హాయ్ ఫాంగ్ నగరం కిందికి వస్తుంది. నీళ్లూ, పోటూ అవే. చేపల తెప్పలు అక్కడా ఉన్నాయి. అయినా నన్నడిగితే లాన్ హాకే ఓటు. కయాక్‌లో కూర్చుని తెడ్డు ఆపితే, కొండ మీంచి నీటిచుక్క పడిన చప్పుడు వినిపిస్తుంది.

అపోహ: నీటిమీది పల్లెల్లో జనం ఇప్పటికీ అలాగే బతుకుతున్నారు.

కువా వాన్, వుంగ్ వియెంగ్ లాంటి పల్లెల వాళ్లని 2014లో ఒడ్డుకి తరలించారు. ఇప్పుడు మీకు కనిపించే ఇళ్లు చాలావరకు చూపించడానికి ఉంచినవే. వెదురు పడవ తోసే ఆమె అక్కడికి ఉద్యోగానికి వచ్చింది, అంతే. “పాపం, ఇక్కడెలా ఉంటారో” అని ఆమె ముందే జాలిపడకండి.

అపోహ: వెజిటేరియన్ అని చెప్తే చాలు.

మాంసం తీసేస్తారు, చేపల సాస్ మాత్రం పోస్తారు. వాళ్ల లెక్కలో అది ఉప్పులాంటిది. “ఆన్ చై” అనండి. టీ అడిగినట్టు కాదు, శాకాహారం అని. “నూక్ మామ్”, అంటే ఆ చేపల సాస్, వద్దని కూడా విడిగా చెప్పండి.

చివరిగా, రాత్రి స్క్విడ్ పట్టే కార్యక్రమం గురించి. లైటు వేసి, వెదురు కర్ర చేతికిచ్చి, పట్టమంటారు. ఇన్నేళ్లలో మా వాళ్లు ఉండగా స్క్విడ్ పడింది రెండేసార్లు. రెండోది పట్టింది వంటతను.