కన్ను ఎర్రబడినప్పుడు ఏ చుక్కలు వేయాలి?

గుంటూరు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

కండ్లకలక వచ్చిందని, శుక్లం ఆపరేషన్ తరువాత అమ్మమ్మకు రాసిన చుక్కల మందు మిగిలి ఉంటే వేసుకోవచ్చా అని మీరు ఫోనులో అడిగారు. వద్దని అప్పుడు ఒక్క మాటలో తేల్చేశాను; కారణం ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ఆ సీసాలో రెండు మందులు కలిసి ఉన్నాయి. టోబ్రామైసిన్ బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. డెక్సామెథసోన్ వాపును, ఎరుపును అణచే స్టెరాయిడ్. ఆపరేషన్ అయిన కంటికి రెండింటితోనూ పని ఉంటుంది. కండ్లకలక మాత్రం ఎక్కువగా ఎడినోవైరస్ వల్ల వస్తుంది కనుక యాంటీబయాటిక్ దానినేమీ చేయలేదు. సాధారణంగా అది రెండు మూడు వారాలలోపు తనంతట తానే తగ్గిపోతుంది.

అసలు చిక్కు స్టెరాయిడ్‌తోనే. అది శరీరం చేసే ప్రతిఘటననే తగ్గిస్తుంది కాబట్టి, లోపల సూక్ష్మజీవి పెరుగుతున్నా పైకి ఎరుపు పోయి, జబ్బు నయమైందన్న భ్రమ కలుగుతుంది. మన తెనాలి వైపు వరికోతల్లో ఆకో కంకో గీసుకుని నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడినవారికి, లేదా హెర్పిస్ వైరస్ పుండు ఉన్నవారికి ఈ చుక్కలు వేస్తే, పుండు లోతుకు దిగి చూపే పోవచ్చు. అద్దంలో చూసుకుంటే అన్నీ ఒకే ఎరుపు. తేడా తెలియాలంటే డాక్టరు స్లిట్‌ల్యాంపుతో, అంటే సన్నని వెలుగు వేసి కంటిని పెద్దదిగా చూపే పరికరంతో, పరీక్షించవలసిందే.

వేసవిలో అలర్జీతో కళ్లు నలుపుకునే పిల్లలకు, హాయిగా ఉందని ఇదే మందును నెలల తరబడి కొని వేసే తల్లిదండ్రులున్నారు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు అడగగానే దొరకడం నాకు ఏమాత్రం నచ్చని సంగతి. అలా వాడితే కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే నీటికాసుల జబ్బు (గ్లకోమా) వస్తుంది. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు. చిన్నవయసులోనే శుక్లమూ రావచ్చు.

డాక్టరే రాస్తే భయపడనక్కరలేదు. సీసాను బాగా కుదిపి, మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కన మూలను ఒక నిమిషం నొక్కి ఉంచండి. చెప్పిన రోజులకు మించి వాడవద్దు. మధ్యలో మీ అంతట మీరు మానవద్దు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మీ తాతయ్య