జల్లెడ రాళ్లను పుట్టించదు

చెన్నైలో పెరంబూరు వైపు తెలుగు పిల్లలకు సైన్సు చెబుతుంటాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు అడిగింది: "సార్, యాంటీబయాటిక్‌లు ఎక్కువ వాడితే ఒళ్లు అలవాటుపడిపోయి మందు పనిచేయదట కదా?"

అలవాటుపడేది ఒళ్లు కాదు. ఆ మాటకొస్తే బాక్టీరియా కూడా మందును చూసి పాఠం నేర్చుకోదు. బియ్యం జల్లెడ పడితే రాళ్లు పైన మిగులుతాయి. ఆ రాళ్లను జల్లెడే పుట్టించిందని ఎవరూ అనరు. మందు కూడా జల్లెడే. తట్టుకోగలిగినవి అంతకుముందే అక్కడ ఉంటాయి. మిగతావి చచ్చాక వాటికి చోటూ తిండీ పుష్కలం.

దీన్ని రుజువు చేసిన ప్రయోగం ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. 1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఒక గాజు పళ్లెంలో ఇ.కోలై బాక్టీరియాను పెంచారు. దానిమీద వెల్వెట్ గుడ్డ అద్దారు. గుడ్డ నూగుకు అంటుకున్న బాక్టీరియాను, రబ్బరు స్టాంపు వేసినట్టు, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన పళ్లేలమీద వరుసగా అద్దారు. అన్నిటిలోనూ బతికిన మచ్చలు ఒకే చోట కనిపించాయి! మందు తగిలాకే మారి ఉంటే ఒక్కో పళ్లెంలో ఒక్కోచోట రావాలి. మొదటి పళ్లెంలో అదే చోటు నుంచి బాక్టీరియాను తీసి, మళ్లీ పెంచి, మళ్లీ అద్దుతూ పోతే, మందు మొహమే చూడని మొండి సంతతి చేతికొచ్చింది. బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోసోము. దానిలోని ఎస్12 అనే ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, స్ట్రెప్టోమైసిన్ పట్టు జారిపోతుంది. 1958లో జాషువాకు నోబెల్ వచ్చింది, ఎస్తర్‌కు రాలేదు. క్లాసులో ఈ సంగతి కూడా చెబుతాను.

జలుబుకు అమాక్సిసిలిన్ మింగితే వైరస్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. పేగుల్లోని బాక్టీరియాకు మాత్రం జల్లెడ పడుతుంది. పైగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట ఒక బాక్టీరియా నుంచి వేరే జాతి బాక్టీరియాకు కూడా పాకుతుంది. ఒకే చుట్టమీద నాలుగైదు మందుల్ని తట్టుకునే జన్యువులుంటే, ఏ ఒక్క మందు వాడినా అన్నీ కలిసే మిగులుతాయి. మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్‌ అనే యాంటీబయాటిక్‌లను జింకు సాయంతో ముక్కలు చేసే ఎన్‌డీఎం-1 ఎంజైము ఎక్కువగా ఇలా ప్లాస్మిడ్‌లమీదే తిరుగుతుంది. 2010లో అచ్చైన అధ్యయనంలో చెన్నై నమూనాల్లోనే ఈ ఎంజైమున్న బాక్టీరియా 44 దొరికాయి.

పిల్లల్ని ఇంట్లోని ఖాళీ మందు అట్టలు తెమ్మంటాను. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ అట్టమీద ఎర్ర గీత కనబడుతుంది, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్ లాంటి కొన్ని మందులు అమ్మిన దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. "ఇంజక్షన్ పడితేగానీ జ్వరం దిగదు" అనే పెద్దల నమ్మకానికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు.

"మరి కోర్సు ఎందుకు పూర్తిచేయాలి?" అని ఒకడు పట్టుకున్నాడు. మంచి ప్రశ్న. చాలా జబ్బులకు తక్కువ రోజులే చాలని ఇప్పుడు తేలుతోంది. ఎన్ని రోజులో తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు. క్షయ సంగతి వేరు. అక్కడ మొదట నాలుగు మందులు కలిపి ఇస్తారు. ఒక మందును తట్టుకునే క్రిమి కోటికి ఒకటి ఉందనుకుంటే, రెండింటినీ తట్టుకునేది కోటి కోట్లకు ఒకటి. ఒక రోగి ఊపిరితిత్తుల్లో అన్ని క్రిములు పట్టవు.