"అరుగు మీదే కాలుస్తారండి": చంటిబిడ్డలు, పొగ - అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టిందంటే మా కోనసీమలో పిల్లల వార్డుకు ఖాళీ ఉండదు. ఆయాసంతో, పిల్లికూతలతో వచ్చే చంటిబిడ్డలే ఎక్కువ. ఇంట్లో ఎవరైనా చుట్టగానీ సిగరెట్టుగానీ కాలుస్తారా అని అడిగితే తరచూ వినపడే జవాబు ఒకటే. "ఆయ్, కాలుస్తారండి. ఇంట్లో కాదండి, అరుగు మీదే." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బిడ్డ మీద ప్రేమతోనే బయటికి వెళ్తున్నారు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: బయట కాలిస్తే బిడ్డకు ఏమీ కాదు.

వాస్తవం: లోపల కాల్చడం కంటే నయం, అంతే. అరుగుకీ బిడ్డ ఉయ్యాలకీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం, అదీ పొద్దస్తమానం తీసే ఉంటుంది. చివరి దమ్ము లాగి లోపలికి వచ్చాక కూడా కాసేపు ఊపిరిలో పొగ వస్తూనే ఉంటుంది. బట్టలకూ వేళ్లకూ మీసాలకూ పట్టింది సరేసరి. స్వీడన్‌లో 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, తలుపు మూసి బయటే కాల్చే ఇళ్లలో కూడా పిల్లల మూత్రంలో కోటినైన్ (ఒంట్లోకి చేరిన నికోటిన్ విరిగి తయారయ్యే పదార్థం, పొగ ఎంత తగిలిందో దీంతో తెలుస్తుంది), ఎవరూ కాల్చని ఇళ్ల పిల్లల కంటే దాదాపు రెట్టింపు ఉంది. అది తలుపులు బిగించుకునే చలిదేశం. మన వాకిళ్ల సంగతి మీరే ఆలోచించండి.

పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, పసిబిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. గాలిగొట్టాలు మరీ సన్నం. కాస్త వాచినా, కాస్త కఫం చేరినా గాలి ఆడదు. మనకు తుమ్ములతో పోయే జలుబే పొగ తగిలే బిడ్డలో బ్రాంకియోలైటిస్‌కో (ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాల వాపు) నిమ్ముకో దారి తీసే ప్రమాదం ఎక్కువ. ఇంత తగిలితే పరవాలేదు అనే మోతాదు ఏదీ లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2006లోనే తేల్చింది.

ఒక లంక గ్రామం నుంచి తాతగారొకరు మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చారు. స్టెతస్కోప్ పెడదామని వంగితే పసివాడి జుట్టులోంచి చుట్ట వాసన. వాడి మీద కప్పిన కండువా తాతగారిదే. పడక్కుర్చీలో చుట్ట కాల్చి, అదే కండువాలో మనవణ్ణి చుట్టి ఒళ్లో జోకొడతారు. ఇంట్లో మాత్రం తప్పంతా కోడలి మీదే: పెరుగు తిందని, తలంటు పోసుకుందని, చన్నీళ్లు ముట్టుకుందని. పథ్యం పేరుతో ఆ బాలింతకు కూరలు కూడా మాన్పించారు. నాకు ఒళ్లు మండింది దీనికే. తల్లి తిన్న పెరుగన్నం బిడ్డకు పిల్లికూతలు తెప్పించదని అందరి ముందే చెప్పాను. తాతగారు కండువా తీసి పక్కన పెట్టారు. "లంక పొగాకండి, ఊహ తెలిసినప్పట్నుంచీ అలవాటు, ఇప్పుడు మానమంటే ఎలాగండి?" అన్నారు.

అలాంటివాళ్లకు నేను చెప్పేది: గుమ్మం దగ్గర వద్దు, ఇంటికి దూరంగా వెళ్లండి. వచ్చాక చొక్కా, కండువా మార్చి, చేతులూ మూతీ సబ్బుతో కడుక్కుని, కాసేపాగి బిడ్డను ఎత్తుకోండి. దీంతో పొగ తగ్గుతుంది, పూర్తిగా పోదు. మానేస్తేనే పోతుంది. మానడానికి సాయం కావాలంటే సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది నంబరు, 1800-11-2356. డబ్బులు పడవు.

కిటికీ తీసి ఫ్యాన్ వేస్తే పొగ పోతుందనేది అపోహే. మూసిన ఏసీ గదిలో ఇంకా ఘోరం, ఉన్న గాలినే తిప్పుతుంది. ఆయాసానికి మందును ఆవిరిలా పీల్పించే నెబులైజర్ పెడితే అలవాటైపోతుందన్నది ఉత్త పుకారు. దయచేసి ఆ వాట్సాప్ మెసేజులు నాకు చూపించకండి.

సాంబ్రాణి దగ్గర మాత్రం మామ్మలకు నా మీద కోపం వస్తుంది. నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేయకపోతే పిల్లకు జలుబు చేస్తుందంటారు. నిప్పుల మీద ఏది వేసినా వచ్చేది పొగే. తల ఆరడానికి మెత్తటి పొడిగుడ్డ చాలు. బాలింత గదిలో కుంపటి కూడా వద్దు. ఇక కాలవలూ చెరువులూ ఉన్న మన ఊళ్లలో దోమల బాధ నాకు తెలుసు, కానీ ఒక్క మస్కిటో కాయిల్ కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదానితో సమానమని 2003లో లెక్కగట్టారు. దోమతెర కట్టండి.

రాత్రిపూట టెన్షన్ పడే తల్లులకు: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికలు నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ, ఆపైన ఏడాదిలోపు 50 గానీ అంతకు మించి గానీ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.