కళ్ళజోడుకు చుట్టిన దారం

చిరంజీవులకు ఆశీస్సులు.

జ్ఞాపకం మీద బొమ్మ వేయమన్నారని మీరు పంపిన చిత్తుబొమ్మలు అందాయి. మబ్బులు, పావురం, కన్నీటి చుక్క. చెయ్యి బాగానే తిరిగింది గానీ, అది ఎవరి జ్ఞాపకమో నాకు అంతుపట్టలేదు. జ్ఞాపకం జోలికి పోకుండా ఏదైనా వస్తువును వేసి చూడండి. అందులోనూ అరిగిన చోటు, అతుకు పడిన చోటు.

మా అమ్మ పోయాక ఆమె కళ్ళజోడు బొమ్మ వేశాను. అద్దాలు తళతళలాడాయి, కాడలు నిటారుగా వచ్చాయి. తీరా చూస్తే అంగట్లో అమ్మకానికి పెట్టినట్టుంది! అప్పుడు అసలుదాన్ని చేతిలోకి తీసుకున్నాను. కుడి కాడ మర ఊడితే నల్లదారం చుట్టి ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చింది అమ్మ. చెమటకు ఆ దారం పుల్లలా బిగుసుకుపోయింది. ముక్కు మీద ఆనే చోట పచ్చటి చిలుము. ఎడమ అద్దం మీద గీతలు. బోర్లా పెట్టవద్దంటే వినేది కాదు.

రేచల్ వైట్‌రీడ్ అనే బ్రిటిష్ శిల్పి 1988లో ఒక బట్టల బీరువా లోపల ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక చెక్క ఊడదీసి, మిగిలిన దిమ్మకు నల్లటి ఫెల్టు గుడ్డ తొడిగింది. చిన్నప్పుడు బీరువాలో దూరి కూర్చున్నప్పటి చీకటి అది. (మీరు మాత్రం ఇంట్లో బీరువాల జోలికి వెళ్ళకండి, తిట్లు నాకు పడతాయి.)

నాకు ఇంకా ఇష్టమైనది చైనా కళాకారుడు సాంగ్ డాంగ్ చేసిన పని. తండ్రి 2002లో పోయాక తల్లి ఏదీ పారేయలేకపోయింది. ఇల్లంతా సామాను. 2005లో తల్లీ కొడుకూ కలిసి ఆ వస్తువులను, 10,000కు పైగా, బీజింగ్‌లో నేల మీద వరసగా పేర్చారు. ఖాళీ సీసాలు, పాత చెప్పులు, టూత్‌పేస్టు గొట్టాలు. సబ్బుకు కటకటలాడిన రోజులు చూసిన ఆ తల్లి పిల్లల కోసం దాచిన సబ్బుబిళ్ళలు కూడా ఉన్నాయి, రాళ్ళలా ఎండిపోయి. వాటి ముందు నా కళ్ళజోడు బొమ్మ ఏపాటిది?

మీరు ఎంచుకున్న వస్తువును తుడవకండి, తోమకండి. వాడినవాళ్ళు ఉంటే అడగండి, ఈ సొట్ట ఎలా పడిందని. బొమ్మ వేయడం ఆ తర్వాత. ఉన్న సైజులోనే వేయండి.

నేను రెండోసారి వేసినప్పుడు దారం చుట్లు లెక్కపెట్టాను. తొమ్మిది. మొదటి బొమ్మలో అసలు దారమే లేదు.

మీ తాతయ్య