గడియ మారిస్తే రైఫిల్ బాగవుతుందా?

రైఫిల్‌లో బోల్ట్ చేసే పని మన ఇంటి తలుపు గడియ చేసే పనే. తూటా వెనక తలుపు మూసి బిగిస్తుంది, పేలాక తెరుస్తుంది. 1841లో ప్రష్యా సైన్యం చేపట్టిన తొలితరం బోల్ట్ రైఫిల్‌ని తయారుచేసిన నికొలాస్ డ్రైజె, తాళాలు చేసే ఆయన కొడుకు. ఇది కాకతాళీయమో కాదో గానీ, తోసి, పక్కకి తిప్పి, బిగించే ఆ పద్ధతి మాత్రం అచ్చం గడియదే. డ్రైజెకి ఒక సుఖం కూడా ఉండేది. ఆయన తూటా పైతొడుగు కాగితంది. పేలాక బయటికి లాగి పారెయ్యాల్సిన లోహపు గొట్టం మిగిలేది కాదు. ఇత్తడి తూటాలు వచ్చాకే గడియకి రెండో పని తగులుకుంది: ఖాళీ గొట్టాన్ని పట్టి బయటికి ఈడ్చడం. రైఫిల్ తగాదాల్లో ఈ రెండో పనికీ వాటా ఉంది.

ఆ ఖాళీ గొట్టాన్ని కేసు అంటారు (పోలీసు కేసుతో సంబంధం లేదు). అది ఇరుక్కుపోతే చాలామందికి మొదట తట్టేది బోల్ట్ మార్చేద్దామనే. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో చాలాసార్లు తెలియదు, అసలు ముచ్చట అక్కడుంది.

ముందు ఇత్తడి సంగతి చూద్దాం. తూటాలకి వాడే ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు. 5.56 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు లోపలి పీడనం గాలి పీడనానికి 3,500 రెట్లు దాటుతుంది. పల్చని ఇత్తడి గోడ ఆ దెబ్బకి ఉబ్బి, చాంబర్ (తూటా కూర్చునే గది) గోడకి అతుక్కుపోతుంది. అతుక్కోవాలి కూడా, లేకపోతే వేడి గ్యాస్ వెనక్కి కాల్చేవాడి ముఖం మీదికే వస్తుంది. గుండు తుపాకీ గొట్టం (బ్యారెల్) దాటి పీడనం పడిపోగానే ఇత్తడి కాస్త ముడుచుకుని గోడని వదిలేస్తుంది. ఆ 'కాస్త' మీదే కథంతా నడుస్తుంది. ఉక్కుతో పోలిస్తే ఇత్తడి దాదాపు రెట్టింపు సాగే గుణం ఉన్న లోహం. అదే ఒత్తిడికి ఎక్కువ సాగుతుంది, వదిలితే ఎక్కువ వెనక్కి వస్తుంది. ఉక్కు కేసులు అంత దూరం వెనక్కి రావు, అందుకే కొన్ని రైఫిళ్ళలో మొండికేస్తాయి. కలాష్నికోవ్‌కి వాడే 7.62×39 తూటా ముందుకి పోయేకొద్దీ బాగా సన్నబడే ఆకారంలో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఒకదాంట్లో ఒకటి పెట్టిన స్టీలు గ్లాసుల్ని లాగినట్టు, కొంచెం కదిలితే చాలు, చుట్టూ ఒకేసారి వదులవుతుంది.

లాగే పని ఎక్స్‌ట్రాక్టర్‌ది. బోల్ట్ మూతి దగ్గర ఉండే చిన్న కొక్కెం అది. వెనక ఒక స్ప్రింగ్ దాన్ని కేసు అంచు మీదికి నొక్కి పట్టుకుంటుంది. 1898 నాటి మౌజర్ రైఫిల్‌లో ఈ కొక్కెం పొడవాటి బలమైన పట్టీ. పైగా బోల్ట్ పిడిని పైకి ఎత్తేటప్పుడే ఒక ఏటవాలు అంచు బోల్ట్‌ని పిసరంత వెనక్కి నెడుతుంది. బిగుసుకున్న మూతని ముందు మెల్లగా మెలిపెట్టి తర్వాత లాగడంలాంటిది. చేత్తో నడిపే రైఫిల్‌కి ఇంకో వరం, మనిషి నిదానం. పిడి మీద చెయ్యి పడేసరికి లోపలి పీడనం ఎప్పుడో పోయి ఉంటుంది.

తనంతట తానే తూటా మార్చుకునే ఆటోమేటిక్ రైఫిల్‌లో ఆ నిదానం లేదు. అమెరికా ఎమ్16 లాంటి వాటిలో బ్యారెల్ నుంచి కొంత గ్యాస్ వెనక్కి వచ్చి, బోల్ట్‌ని మోసే క్యారియర్‌ని తోస్తుంది. క్యారియర్ కదులుతూ బోల్ట్‌ని 22.5 డిగ్రీలు తిప్పి గడియ తీస్తుంది. ఇదంతా రెప్పపాటులో వందో వంతు వ్యవహారం. గడియ ఆ కొంచెం ముందే తెరుచుకుందా, లోపల ఇంకా పీడనం ఉంటుంది, ఇత్తడి గోడని వదలదు. కొక్కెం మాత్రం లాగుతూనే ఉంటుంది. అప్పుడు అది అంచు మీంచి జారిపోవాలి, లేదా అంచునే చింపుకుని రావాలి. చూసేవాడికి తప్పు కొక్కెంది. అసలు తప్పు వేళది.

వియత్నాంలో 1966, 67ల్లో అమెరికా సైనికుల చేతిలోని ఎమ్16లకి జరిగింది ఎక్కువగా ఇదే. తూటాల్లో మందు రకం మార్చారు, దాంతో కాల్పుల వేగం పెరిగి యంత్రం గతి తప్పింది. తేమకి చాంబర్ తుప్పు పట్టి గరుకెక్కింది. శుభ్రం చేసే సామాను సరిపడా అందలేదు. ఇరుక్కున్న కేసుని ముందువైపు నుంచి కడ్డీ పెట్టి పొడిచి తియ్యాల్సి వచ్చేది, అదీ యుద్ధం మధ్యలో. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపింది. తర్వాత చాంబర్‌కి క్రోమియం పూత వచ్చింది. జర్మన్ జీ3 రైఫిల్ వాళ్ళది ఇంకో ఉపాయం. అందులో గడియ ఎలాగూ పీడనం ఉండగానే తెరుచుకుంటుంది కాబట్టి, చాంబర్ గోడలో సన్నని గాళ్ళు కోసి, గ్యాస్‌ని కేసు బయటివైపు కూడా పారనిచ్చారు. రెండువైపులా ఒకే ఒత్తిడి, ఇక అతుక్కునేదేముంది? నాకు ఈ మొత్తం కథలో నచ్చిన తెలివి ఇదే.

మరి బోల్ట్‌కి సొంత జబ్బులు లేవా అంటే, ఉన్నాయి. కొక్కెం కొన అరుగుతుంది, స్ప్రింగ్ నీరసిస్తుంది. ఎమ్16 కుటుంబంలో బోల్ట్ చుట్టూ మూడు సన్నని గ్యాస్ రింగులుంటాయి. అవి అరిగితే గ్యాస్ పక్కనుంచి పోయి, క్యారియర్ పూర్తిగా వెనక్కి రాదు. ముందుకి లాగిన బోల్ట్ మూతి మీద క్యారియర్‌ని నిలబెడితే, తన బరువుకే కిందికి జారిందంటే రింగుల పని అయిపోయినట్టే. అన్నిటికంటే గట్టి జబ్బు లోహపు అలసట. ప్రతి పేలుడుకీ రెండు టన్నులకి అటూ ఇటూగా ఉండే తోపుని ఏడు చిన్న పళ్ళు మోస్తాయి. వాటిని లగ్గులంటారు. ఎనిమిదో పన్ను ఉండాల్సిన చోటు ఎక్స్‌ట్రాక్టర్‌ది. అందుకే దాని పక్కనున్న లగ్గుల దగ్గర, బోల్ట్‌ని తిప్పే క్యామ్ పిన్ను దూరే రంధ్రం దగ్గర పగుళ్ళు మొదలవుతాయి. పగులు కంటికి కనిపించాక ఆ బోల్ట్‌ని మార్చడమే, వేరే వైద్యం లేదు.

ఇంతకీ బోల్ట్ మార్చగానే రైఫిల్ ఎందుకు బాగవుతుంది? కొత్త బోల్ట్‌తో పాటు కొత్త కొక్కెం, కొత్త స్ప్రింగ్, కొత్త రింగులు కూడా వస్తాయి. గోరంత స్ప్రింగ్‌కి దక్కాల్సిన పేరు మొత్తం బోల్ట్‌కి పోతుంది. చాంబర్‌ది తప్పయితే కొత్త స్ప్రింగ్ కొన్నాళ్ళు గట్టిగా లాగి రోగాన్ని కప్పిపెడుతుంది, అంతే. నన్నడిగితే ముందు తూటాని, మ్యాగజైన్‌ని (తూటాల డబ్బాని), చాంబర్‌లోని మురికిని, ఆ తర్వాత స్ప్రింగ్‌ని అనుమానించాలి. బోల్ట్ వంతు చివర్లో.

ఎందుకంటే బోల్ట్ మారితే ఒక కొలత మారుతుంది. చాలా రైఫిళ్ళలో అది, మూసిన బోల్ట్ ముఖం నుంచి చాంబర్‌లో తూటా భుజం (కేసు సన్నబడే మలుపు) ఆనే చోటి దాకా ఉన్న దూరం. దీన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది ఎక్కువైతే, పేలినప్పుడు కేసు ముందు భాగం గోడకి అతుక్కుని ఉండగా వెనక భాగం బోల్ట్ వైపు జరుగుతుంది. మధ్యలో ఇత్తడి సాగి పల్చబడుతుంది. మరీ సాగితే కేసు రెండు ముక్కలవుతుంది. తక్కువైతే బోల్ట్ పూర్తిగా మూసుకోదు. పైగా పాత బోల్ట్ లగ్గులూ, అవి ఆనే చోటూ ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి అరగదీసుకుని జోడు కుదిరి ఉంటాయి. కొత్తది ఆ అరుగుదలకి సరిపడకపోతే బరువంతా ఒకటి రెండు లగ్గుల మీదే పడుతుంది.

బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ చేసినవాళ్ళు దీన్ని ముందే ఊహించారు. దాని బోల్ట్ తల విడిగా ఊడొస్తుంది. 0 నుంచి 3 దాకా అంకెలేసిన తలలు చేశారు, అంకె పెరిగేకొద్దీ పొడవు పిసరంత పెరుగుతుంది. జీ3లో అయితే బోల్ట్ తలలోని రోలర్ల సైజు మార్చి సరిచేస్తారు. మిగతా రైఫిళ్ళకి ఆయుధాల మెకానిక్ దగ్గర రెండు ఉక్కు దిమ్మెలుంటాయి: గో గేజ్, నో-గో గేజ్. రెంటి మధ్య తేడా వెంట్రుక మందమంత. మొదటిది పెట్టినప్పుడు బోల్ట్ మూసుకోవాలి, రెండోది పెట్టినప్పుడు మూసుకోకూడదు. పాత సైనిక రైఫిళ్ళలో బోల్ట్ మీద రైఫిల్ నంబరే చెక్కి ఉండటానికి కారణం కూడా ఈ వెంట్రుక మందమే. వరసగా పది రైఫిళ్ళు విప్పి తుడిచినప్పుడు ఒకదాని గడియ ఇంకోదాంట్లోకి పోకుండా.