చార్టులో 0.8 మీటర్లు, పడవ కింద ఎంత?

చార్టులో, అంటే సముద్రపు లోతులు చూపే పటంలో, ఒక ఇసుక మేట మీద 0.8 అని ఉంది. మీ పడవ నీటిలో 0.9 మీటర్లు మునుగుతుంది. దాటొచ్చా? ఆ 0.8 ఎక్కడి నుంచి కొలిచిందో తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

చార్టు లోతును ఇప్పటి నీటిమట్టం నుంచి కొలవరు. చాలా దేశాల చార్టుల్లో సున్నా అంటే సూర్యచంద్రుల ఆకర్షణ లెక్క ప్రకారం నీరు దిగగలిగిన అట్టడుగు మట్టం. అమెరికా చార్టుల్లో సున్నా అంటే రోజూ వచ్చే రెండు పాటుల్లో (నీరు దిగిన వేళల్లో) ఎక్కువగా దిగినవాటి సగటు. సగటే కాబట్టి కొన్ని రోజులు నీరు సున్నా కిందికీ పోతుంది. అంకె కింద గీత ఉంటే అది లోతే కాదు, పాటు వేళ బయటపడే మేట ఎత్తు. దాన్ని అప్పటి పోటు ఎత్తులోంచి, అంటే సున్నా మీద అప్పుడున్న నీటి ఎత్తులోంచి, తీసేయాలి. గీత చూసుకోకపోతే తీసేయాల్సినదాన్ని కలిపేస్తాం.

మన 0.8 కింద గీత లేదు, కాబట్టి అప్పటి పోటు ఎత్తును కలపాలి. ఉదయం 6కు పాటు 0.4, మధ్యాహ్నం 12కు పోటు 2.8 అనుకుందాం. తేడా 2.4 మీటర్లు. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. తేడాను 12 భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున ఎక్కుతుంది. ఇక్కడ ఒక్కో భాగం 0.2. ఎనిమిదింటికి మూడు భాగాలు ఎక్కి మట్టం 1.0కి వస్తుంది; మేట మీద నీరు 1.8. ఈ లెక్క రోజుకు రెండు పోట్లు ఇంచుమించు సమంగా వచ్చే తీరాల్లోనే చెల్లుతుంది. నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో దీన్ని నమ్మకూడదు.

1.8లో పడవ మునక 0.9 పోయింది. అల ఎత్తు 0.6 అయితే రెండు అలల మధ్య పల్లంలో మరో 0.3 పోతుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. మామూలు 1013కు బదులు 1023 ఉంటే ఇంకో 0.1 తగ్గింది. మిగిలింది 0.5. తీరం నుంచి సముద్రం వైపు గాలి గట్టిగా వీస్తుంటే అదీ ఉండకపోవచ్చు.

చార్టు కోసం లోతు కొలిచిన సర్వే కూడా తప్పు కావచ్చు. ఎలక్ట్రానిక్ చార్టుల్లో నాణ్యత తరగతి ‘బి’ అని ఉన్నచోట లోతులో ఒక మీటరు, దానిపై లోతులో 2 శాతం వరకు తేడా ఉండొచ్చు. పైగా ఇసుక మేటలు తుఫానుకో, వరదకో జరిగిపోతాయి. తొమ్మిదింటికి మిగులు 1.1 అవుతుంది, చాలీచాలకుండా సరిపోతుంది. పది దాకా ఆగితే 1.7. నేనైతే పదింటికే బయల్దేరమంటాను. అప్పటికీ పోటు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది.

వేగం కూడా లోతును తింటుంది. పడవ అడుగుకూ నేలకూ మధ్య ఇరుకులో నీరు వేగంగా పారాలి. అక్కడ పీడనం పడిపోయి పడవ కిందికి దిగుతుంది. ఇంజన్ అంతే తిరుగుతున్నా వేగం తగ్గి, వెనక అల పెద్దదైందంటే నేల దగ్గరైందన్నమాట. వెంటనే వేగం తగ్గించాలి. ఒక్కసారిగా కాదు, లేకపోతే వెనకాల వచ్చే అల పడవను ఎత్తి నేలకు కొడుతుంది.

ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్ చూపే అంకెకు అర్థం మనం పెట్టుకున్న సవరణ సెట్టింగును బట్టి ఉంటుంది. ధ్వనిని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ నీటి కింద 0.3 దగ్గర ఉండి, పడవ 0.9 మునిగిందనుకోండి. సవరణ సున్నా ఉంటే తెర మీద 0.7 కనిపించినప్పుడు పడవ కింద నిజంగా ఉన్నది 0.1 మాత్రమే. సవరణను మైనస్ 0.6 పెడితే తెర మిగులునే చూపుతుంది. నీరు నిలకడగా ఉన్నచోట పడవ ఆపి, గుర్తులు పెట్టిన గడకర్రతో ఒకసారి సరిచూడండి. మరీ లోతు తక్కువైతే ధ్వని నేలకూ పడవకూ మధ్య రెండుసార్లు తిరిగి, లోతును రెట్టింపు చేసి చూపొచ్చు. నాచు, బుడగలు కూడా దారి తప్పిస్తాయి. అన్నిటికీ మించి, అది చూపేది కాళ్ల కిందిది, ముందున్నది కాదు.

ముందున్నది చూడాలంటే కళ్లే. తేట నీటిలో సూర్యుడు వెనక, పైన ఉన్నప్పుడు రంగు పనికొస్తుంది: నీలం లోతు, పచ్చ తక్కువ, తెలుపు లేదా గోధుమ రంగు మరీ తక్కువ. నల్లమచ్చ గడ్డి కావొచ్చు, రాయి కావొచ్చు, రాయే అనుకోవాలి. బురదనీటిలో రంగు పనికిరాదు. అలలు ఒక వరసలో విరుగుతుంటే అక్కడి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లే.

పోటు ఎక్కేటప్పుడు నేల తగిలితే ఇంజన్ ఆపి కాస్త ఆగడమే మంచిది. రివర్స్ గట్టిగా కొడితే లేచిన ఇసుక చల్లబరిచే నీటితో పాటు లోపలికి వెళ్లి పంపు రబ్బరు రెక్కలను అరగదీస్తుంది. దిగే నీటిలో తగిలితే తర్వాతి పోటు దాకా అక్కడే. అదీ అమావాస్య, పౌర్ణమి పోటు శిఖరంలో ఉండగా తగిలితే, అంత నీరు మళ్లీ రావడానికి పదిహేను రోజులు పట్టొచ్చు.